భాషల చిట్టాలో తెలుగు చీటీ

నేడు చేతిఫోను వార్తాపత్రికను పైకి చదివి వినిపించుచున్నది. చూపు లేనివారికిని, చూపు మందగించిన పెద్దలకును ఇది గొప్ప ఆసరా. అయితే చదువ మొదలిడుటకు ముందు ఆ యంత్రమొక చిన్న సంగతి తెలిసికొనవలసియున్నది. తన యెదుటనున్న పుట ఏ భాషలో నున్నది? రేడియోలో నైనచో, రాబోవునవి సంస్కృత వార్తలని అనౌన్సరు ముందుగా చెప్పును. మనము చెవిని అందుకు సిద్ధపరచుకొందుము. యంత్రమునకు అనౌన్సరు వంటిది పుట తలపై, పైకి కనబడకుండ వ్రాయబడు ఒక గుర్తు. తెలుగు పుటకు ఆ గుర్తు రెండే రెండు ఇంగ్లీషు అక్షరములు: టీ, ఈ. ఆ రెండక్షరములు లోపించినను, వాని స్థానమున వేరొకటి పడినను, తెలుగు వాక్యమును యంత్రము ఇంగ్లీషు గొంతుతో చదువబూనవచ్చును. కొన్ని యంత్రములు చదువలేక ఆ వాక్యమును దాటివేయుటయు కలదు. కన్నులున్నవారికి ఆ లోపము తెలియదు. లేనివారికి ఆ పుటయే లేకుండ పోవును.

ఈ రెండక్షరములను ఎవరు నిర్ణయించిరి? ఎచ్చట వ్రాసియుంచిరి? వ్రాసినదానిని ఎట్లు కాపాడుచున్నారు? ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది దీనిని గూర్చియే. విషయము కంప్యూటరులకు సంబంధించినదే యైనను, మన కరణముల చిట్టాలు, అడంగళ్లు, పహాణీలు ఎరిగినవారికి ఇందు క్రొత్తదనము తక్కువగానే యుండును.

ప్రపంచమంతటికిని ఒక భాషల చిట్టా కలదు. దానిని ఇంటర్నెట్ అసైన్డ్ నంబర్స్ అథారిటీ యను సంస్థ పెట్టియుంచుచున్నది. పొడి అక్షరములలో ఐ.ఎ.ఎన్.ఎ. అందురు. భాషల గుర్తులను పుటలపై ఎట్లు వ్రాయవలెనో 1995లో హరాల్డ్ ఆల్వెస్ట్రాండ్ వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 1766 అను పత్రము మొదట నిర్దేశించినది. 2001లో దానికి బదులు 3066వ పత్రము వచ్చినది. ఆ రెండు పత్రముల కాలమునను, భాషయు దేశమును సూచించు అక్షరములను అంతర్జాతీయ ప్రమాణముల జాబితాలనుండి నేరుగా తీసికొనెడివారు. చిట్టాలో చేరునవి ఆ జాబితాలకు అందని పూర్తి గుర్తులు మాత్రమే. ఇందలి చిక్కు ఏమనగా, ఆ జాబితాలను నిర్వహించువారు ఏదేని అక్షరమును మార్చినచో, ఇచ్చట పుటలన్నిటి అర్థమును చెప్పకుండ మారిపోవును. 2006లో అడిసన్ ఫిలిప్స్, మార్క్ డేవిస్ అనువారు సంపాదకులుగా వెలువడిన 4646వ పత్రము ఈ పద్ధతిని మార్చి, భాషకు, లిపికి, దేశమునకు దేనికది వేరువేరు చీటీ వ్రాసి, ఆ చీటీలన్నిటిని ఒకే చిట్టాలో కట్టించినది. 2009లో వచ్చిన 5646వ పత్రము ఆ చిట్టాలోనికి ఏడువేలకు పైగా భాషలను తెచ్చినది. మన కోయ, చెంచు, లంబాడీ భాషలకు మూడక్షరముల గుర్తులతో చీటీలు ఏర్పడినది అప్పుడే.

తెలుగు చీటీ చాల చిన్నది. ఐదు వరుసలు మాత్రమే. ప్రతి వరుసయందును ముందు శీర్షిక, పిమ్మట రెండు చుక్కలు, పిమ్మట విషయము. మొదటి వరుస ఇది ఏ తరగతి చీటీయో చెప్పును, ఇచ్చట "భాష". రెండవది గుర్తు: టీ-ఈ. మూడవది వర్ణన: తెలుగు. నాల్గవది చేర్చిన తేదీ: 2005 అక్టోబరు 16. ఐదవది తెలుగు లిపి గుర్తు, నాలుగక్షరములది. ఇంతటితో చీటీ ముగిసినదని తెలుపుటకు రెండు శాతపు గుర్తులు గల వరుస యుండును. దాని క్రింద మరియొక చీటీ మొదలగును. చిట్టా మొత్తమునకు తలకట్టున ఒకే తేదీ కలదు. చిట్టాను తుదిసారి సవరించిన నాడు అదియే. ఇంతకంటె ఆడంబరము లేదు. సాధారణమైన వ్రాతఫైలు, ఎవరైనను తెరచి చదువవచ్చును.

ఐదవ వరుసను గూర్చి కొంత చెప్పవలసియున్నది. తెలుగును తెలుగు లిపిలోనే వ్రాయుట లోకరీతి కనుక, పుట తలపై లిపిని మరల పేర్కొననక్కరలేదని ఆ వరుస యొక్క భావము. పేర్కొనినచో తప్పు కాదు, కాని వృథా. అయితే నేటి పిల్లలు ఫోనులలో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుచున్నారు కదా! అప్పుడు మాత్రము భాష తెలుగు, లిపి రోమను అని విడిగా చెప్పక తీరదు. దీనికి తలక్రిందులైన సందర్భము మన యిండ్లలోనే కలదు. పూజామందిరమున నుండు స్తోత్రముల పుస్తకము తీసి చూడుడు: భాష సంస్కృతము, అక్షరములు తెలుగువి. ఆ పుస్తకమును కంప్యూటరులోనికి ఎక్కించువారు అక్షరములను చూచి తెలుగు గుర్తు వేసినచో, చదువు యంత్రము శ్లోకమును తెలుగు వచనము వలె చదువును. నిఘంటువును వెదకు ప్రోగ్రాము ప్రతి పదమును తప్పుగా ఎంచి ఎఱ్ఱగీత గీయును. సంస్కృతమునకు గుర్తు ఎస్-ఏ. దాని చీటీలో అట్టి లిపి వరుస లేదు. అది దేవనాగరిలోను, గ్రంథములోను, తెలుగులోను, పెక్కు లిపులలోను వ్రాయబడుచున్నది. కావున సంస్కృతమునకు లిపిని చెప్పుట మంచిది. లిపి వేరు, భాష వేరు అను సంగతి పండితులకు తెలిసినదే. దానిని యంత్రమునకు తెలుపుటకు రెండు వేరు చీటీలు కావలసివచ్చినవి.

ఇక ఈ చిట్టాను సాఫ్ట్‌వేరు తయారుచేయువారు తమ ప్రోగ్రాములో ఎట్లు ఇముడ్చుకొందురో చూతము. వారు ఫైలునంతటిని చదివి, "ఆబ్జెక్టు" అని పిలుచుకొను ఒక పెట్టెలో పెట్టుకొందురు. ఆ పెట్టెకు నాలుగైదు కిటికీలు మాత్రమే యుండును: చీటీని వెదకు కిటికీ యొకటి, క్రొత్తది చేర్చుటకొకటి, ఉన్నదానిని సవరించుటకొకటి. లోపలి చీటీలపై ఎవరును నేరుగా చేయి వేయరాదు. కిటికీవద్దకు వచ్చి అడుగవలసినదే. కచ్చేరీలో రికార్డుగది గుమాస్తా కిటికీ వంటిదే ఇది. పెట్టె నిర్మాణములోని మంచిచెడ్డలన్నియు ఈ కిటికీలవద్దనే తేలును.

మొదటి ప్రశ్న: చీటీని ఏ పేరుతో వెదకవలెను? రెండక్షరముల గుర్తు ఉన్నది కదా, అదియే చాలునని తోచును. అది చాలదు. కే-ఎన్ అను అక్షరములు భాషల తరగతిలో కన్నడము. దేశముల తరగతిలో అవియే కరీబియను సముద్రమందలి సెయింట్ కిట్స్ నేవిస్ అను ద్వీపరాజ్యము. ఎమ్-ఎల్ ఒకచోట మలయాళము, వేరొకచోట ఆఫ్రికాలోని మాలీ. బీ-ఎన్ బంగ్లా భాషయు, బ్రూనై దేశమును. జీ-యూ గుజరాతీయు, గ్వామ్ ద్వీపమును. సంస్కృతపు గుర్తైన ఎస్-ఏ సౌదీ అరేబియాకును గుర్తే. కావున తరగతియు గుర్తును కలిపినప్పుడే చీటీకి తాళపుచెవి ఏర్పడును. గుర్తునొక్కదానినే తాళపుచెవిగా చేసికొనిన ప్రోగ్రాములో ద్వీపరాజ్యపు చీటీ చేరిననాడు కన్నడపు చీటీ మాయమగును. ఏ హెచ్చరికయు రాదు. ఒక ఊరిలో ఇద్దరు వెంకటేశ్వర్లున్నచో పోస్టుమేను ఇంటిపేరు అడుగును. యంత్రమునకు ఆ లోకజ్ఞానము లేదు, ప్రోగ్రాము వ్రాయువాడే ముందుగా ఇయ్యవలెను.

అక్షరముల ఆకారమును గూర్చి కూడ ఒక మాట. భాష గుర్తును చిన్నబడి అక్షరములతోను, దేశపు గుర్తును పెద్దబడి అక్షరములతోను, లిపి గుర్తును మొదటి యక్షరము మాత్రము పెద్దదిగాను వ్రాయుట ఆచారము. ఇది ఆచారమే కాని శాసనము కాదు. పుటలపై జనులు ఇష్టమువచ్చినట్లు వ్రాసినను అర్థము ఒకటే. చూపునకు మాత్రము ఆచారమును పాటించి, వెదకునప్పుడు బడిభేదమును విస్మరించుట ఉత్తమము. గ్రంథాలయములవారు తెలుగును టీ-ఈ-ఎల్ అను మూడక్షరములతో సూచింతురు. ఈ చిట్టాలో అది కానరాదు. రెండక్షరముల గుర్తు ఉన్న భాషకు మూడక్షరములది ఇచ్చట చేర్చరు. ఒకే భాషకు రెండు గుర్తులున్నచో సగము పుటలు ఒకదాని క్రిందను, సగము మరియొకదాని క్రిందను చెదరిపోవునని ఈ కట్టుబాటు. మేలైన కట్టుబాటే యని మా యభిప్రాయము.

తొందరపాటు ప్రోగ్రాములు తరచుగా తప్పటడుగు వేయు చోటు ఇంకొకటి కలదు. చీటీలో ఒక శీర్షికకు ఒకే వరుస యుండునని అవి తలంచును. ఒడియా భాష చీటీని చూడుడు. అందు వర్ణన యను శీర్షిక ఒకసారి కాదు, ఒకటికంటె ఎక్కువసార్లు వచ్చును: "ఒరియా" అనునదియు, "ఒడియా" అనునదియు. 2011లో మన పార్లమెంటు రాష్ట్రము పేరును ఒడిశా యనియు, రాజ్యాంగమునందలి భాష పేరును ఒడియా యనియు మార్చినది. చిట్టాలో పాతపేరును కొట్టివేయలేదు, క్రొత్తపేరును చేర్చిరి. పాత గ్రంథములందు పాతపేరు చదివినవాడు వచ్చి వెదకినను దొరకవలెను కదా! శీర్షికకు ఒక్క విలువనే యుంచుకొను ప్రోగ్రాము రెండవదానిని చదువగానే మొదటిదానిని తుడిచివేయును. అట్టిచోట ప్రతి శీర్షికకును ఒక వరుసల మూటను కట్టియుంచవలెను. మూటలో ఒకటే యున్నను నష్టము లేదు. పొడవైన వ్యాఖ్య రెండు మూడు పంక్తులు సాగినప్పుడు, తరువాతి పంక్తి ఖాళీతో మొదలగును. అది క్రొత్త వరుస కాదు, వెనుకటిదాని కొనసాగింపే. ఇదియు కనిపెట్టి చూడవలసినదే.

వేరొక విచిత్రమైన చీటీ కలదు. అందు గుర్తు స్థానమున క్యూ-ఏ-ఏ మొదలు క్యూ-టీ-జెడ్ వరకు అని హద్దులు మాత్రమే వ్రాసియుండును. లెక్కించినచో ఐదువందల ఇరువది గుర్తులు. ఇవి ఎవ్వరికిని శాశ్వతముగా ఇయ్యబడవు. ఏ సంస్థయైనను తన లోపలి యవసరమునకు వాడుకొనవచ్చును. ఊరి బంజరు వంటివన్నమాట. పెట్టెను కట్టువాడు ఒక్క చీటీని ఐదువందల ఇరువది చీటీలుగా పరచుకొనవచ్చును, లేదా అడిగిన గుర్తు ఆ హద్దులలో నున్నదా యని చూడవచ్చును. రెండవది తేలిక. మొదటిదానిని ఎంచుకొనినవారికి చిట్టాలో నున్న చీటీల లెక్కకును, తమ పెట్టెలోని లెక్కకును పొత్తు కుదరక, ఎచ్చటనో తప్పు జరిగినదను భ్రాంతి కలుగును.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాము. పెట్టెకు చీటీని తీసివేయు కిటికీ ఉండవలెనా? ఉండరాదు. ఎందుకనగా దీనికి ఒక కథ కలదు. దేశముల ప్రమాణజాబితాలో సీ-ఎస్ అను గుర్తు ఒకప్పుడు చెకొస్లోవేకియాది. 1993 ఆరంభమున ఆ దేశము రెండుగా చీలినది. గుర్తు ఖాళీ యయినది. పదియేండ్లు గడచిన పిమ్మట 2003లో ఆ గుర్తునే సెర్బియా మాంటెనీగ్రో యను వేరొక దేశమునకు ఇచ్చిరి. పాత దస్తావేజులో సీ-ఎస్ అని యున్నచో అది ప్రాగు నగరపు కాగితమా, బెల్‌గ్రేడు నగరపు కాగితమా? తేదీ లేని కాగితమైనచో చెప్పుట అసాధ్యము. కథ అంతటితో ముగియలేదు: 2006లో ఆ రెండవ దేశమును చీలి రెండు దేశములైనది. అదే సంవత్సరమున వెలువడిన 4646వ పత్రము, చిట్టాలో ఒకసారి చేరిన గుర్తును ఎన్నడును తీసివేయరాదనియు, దానికి వేరొక అర్థము కట్టరాదనియు శాసించినది. ప్రమాణజాబితావారు తమచోట ఏమి చేసినను, ఈ చిట్టాలో పాత అర్థము నిలుచును.

అయినచో కాలము చెల్లిన గుర్తునేమి చేయుదురు? చీటీని చింపరు, దానిపై "వాడుక మాన్పిన తేదీ" అను వరుసనొకదానిని చేర్తురు. బదులుగా వాడవలసిన గుర్తు ఒకటియే యున్నచో దానిని వేరొక వరుసలో వ్రాయుదురు. బర్మా దేశపు చీటీ ఇట్టిదే. రంగూను వెళ్లివచ్చిన తాతలు గల కుటుంబములు మన తీరప్రాంతమున నేటికిని పెక్కు కలవు. ఆ దేశము పేరు 1989లో మియన్మారుగా మారినది. బీ-యూ అను పాత చీటీ చిట్టాలో చెక్కుచెదరక నున్నది. క్రింద 1989 డిసెంబరు 5 అను తేదీయు, ఎమ్-ఎమ్ అను బదులు గుర్తును కలవు. పాత కాగితమును తెచ్చినవానికి "ఇది చెల్లదు" అని కిటికీ మూయక, "ఇది ఇప్పటి ఫలానాది" అని చెప్పగలుగుట ఇందలి మేలు.

చెప్పుట సులభమే, ఆచరణలో ఇది ఎంత దీర్ఘకాలపు తలనొప్పి కాగలదో హీబ్రూ భాష చరిత్రము చూపుచున్నది. దానికి మొదటి గుర్తు ఐ-డబ్ల్యూ. 1989లో ప్రమాణకర్తలు దానిని హెచ్-ఈ అని మార్చిరి. అప్పుడే ఇండోనేషియా భాష ఐ-ఎన్ నుండి ఐ-డీ యైనది. యిడ్డిషు భాష జే-ఐ నుండి వై-ఐ యైనది. కాని అటుపిమ్మట కొన్నియేండ్లకు పుట్టిన జావా యను ప్రోగ్రాము భాష, పాత గుర్తులనే తన పెట్టెలో నిలుపుకొని, క్రొత్త గుర్తుతో అడిగినవారికిని లోలోపల పాతదానిగా మార్చి బదులిచ్చుచుండెను. ఎవరో హెచ్-ఈ యని పంపిన దస్తము ఐ-డబ్ల్యూ యై తిరిగివచ్చును. రెండిటిని పోల్చిన ప్రోగ్రాము ఇవి వేరువేరనును. 2021 సెప్టెంబరులో వెలువడిన పదునేడవ కూర్పులో మాత్రమే జావావారు క్రొత్త గుర్తులను ప్రధానముగా స్వీకరించిరి. అప్పటికిని పాతవే కావలెనను వారికొరకొక మీట నుంచిరి. గుర్తు మారిన నాటినుండి ముప్పదిరెండేండ్లు!

ఇందు జావావారిని ఆక్షేపించుట మా యుద్దేశము కాదు. పాత గుర్తులతో పేర్లు పెట్టబడిన ఫైళ్లు లోకమున ఎన్నియో యున్నవి. ఒక్కమారుగా మార్చినచో అవియన్నియు దిక్కులేనివగును. మా మనవి యేమనగా, వచ్చిన గుర్తును వచ్చినట్లే భద్రపరచి, పోల్చునప్పుడు మాత్రము పాతక్రొత్తలను ఒకటిగా చూచుట క్షేమము. దస్తావేజులోని మాటను గుమాస్తా తన యిచ్చకొలది దిద్దరాదు. పక్కన టిప్పణము వ్రాసికొనవచ్చును.

అన్నట్లు, ఐ-ఎన్ అనునది దేశముల తరగతిలో మన భారతదేశపు గుర్తు. భాషల తరగతిలో అది పాత ఇండోనేషియా భాష. తరగతిని చూడని పెట్టెకు ఇచ్చట రెండు విధముల దెబ్బ తగులును: మన దేశపు చీటీ మారిపోవుటయేకాక, దానికి "వాడుక మానినది" అను ముద్రయు పడును.

బదులు గుర్తు ఒకటే యున్నప్పుడు సంగతి తేలికయే. రెండున్నప్పుడు? దీనికి ఉదాహరణము మన ఆదిలాబాదు అడవులలోనే కలదు. గోండీ భాషకు మొత్తముగా జీ-ఓ-ఎన్ అను గుర్తు కలదు. దానిలోపల దక్షిణ గోండీ యని జీ-జీ-ఓ అను చీటీ 2009లో చేరినది. ఆ యొక్క పేరు క్రింద నున్నవి నిజమునకు ఒకటి కాదని తేల్చి, దానిని అహేరి గోండీ, ఆదిలాబాదు గోండీ యని రెండుగా విభజించిరి. 2016లో పాత చీటీపై వాడుక మాన్పిన తేదీ పడినది. బదులు గుర్తు వరుస మాత్రము లేదు. దాని స్థానమున, ఫలానా రెండు చీటీలను చూడుమను వ్యాఖ్య కలదు.

సర్వే నంబరు విభజనము ఎరిగినవారు దీనిని వెంటనే గ్రహింతురు. అన్నదమ్ములు పంచుకొనగా 45వ నంబరు 45/1, 45/2 అగును. తెలంగాణమున 45/అ, 45/ఆ అని వ్రాయుదురు. పాత పట్టాలో 45 అని మాత్రమే యున్నచో అది ఎవరి వంతునకు చెందినదో కాగితము చెప్పదు. చేనికి పోయి గట్టు చూడవలెను, హద్దుదారుల నడుగవలెను. ఊరి కరణము ఈ సంగతులు నోటికి చెప్పెడివాడు. 1984లో ఆంధ్రప్రదేశమున వంశపారంపర్యపు కరణీకములు రద్దయిన పిమ్మట ఆ జ్ఞాపకము చాలవరకు కాగితముపైననే నిలువవలసివచ్చినది. కాగితముపై విభజనము సరిగా వ్రాయని చోట్ల తగవులు ఎంతకాలము సాగునో మనకు తెలియనిది కాదు.

దక్షిణ గోండీ యని గుర్తు గల పాత పాటను ప్రోగ్రాము తనంతట తాను ఆదిలాబాదు గోండీగా మార్చరాదు. అది అహేరివారిది కావచ్చును. పెట్టె ఇచ్చట చేయదగినది ఒక్కటియే: పాత గుర్తును అట్లేయుంచి, రెండు దారులు కలవని అడిగినవానికి చెప్పి, భాష తెలిసిన మనుష్యుని తీర్పునకు వదలుట. త్వరగా పని ముగియవలెనని, రెండిటిలో మొదటిదానిని ఎంచుకొనునట్లు వ్రాసిన ప్రోగ్రాములు కలవు. ఇంగ్లీషువంటి పెద్ద భాషకు ఇట్టి పొరపాటు వచ్చినచో వేయిమంది చెప్పుదురు. పాటల మూట మొత్తము వేరొకరి పేరున చేరినను గోండు గూడెమునుండి ఫిర్యాదు వచ్చుట అరుదు. ఈ పట్టింపునకు మేము ఇంత చోటు ఇచ్చుట ఇందువలననే.

గోండీకి లిపి ప్రశ్నయు కలదు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతులలోని లిపికి గుంజాల గోండి యని పేరు. 2018లో అది యూనికోడు అక్షరమాలలో చేరినది. మసారం గోండి యను వేరొక లిపి అంతకు ముందేడు చేరినది. ఈ రెంటికిని చిట్టాలో వేరువేరు లిపి చీటీలు కలవు. అదియుగాక తెలుగక్షరములలోను, దేవనాగరిలోను గోండీని వ్రాయుచున్నారు. ఒకే భాష, నాలుగు వేషములు. భాష చీటీయు లిపి చీటీయు వేరుగా నుండుటవలన ఈ నాలుగింటిని చెప్పుటకు నాలుగు క్రొత్త చీటీలు అక్కరలేకపోయినవి. పూర్వపు పద్ధతిలో ప్రతి జంటకును విడిగా అర్జీ పెట్టుకొనవలసివచ్చెడిది.

పెట్టెను ఒకసారి నింపి మరచిపోవుటయు సామాన్యముగా జరుగుచున్న లోపము. చిట్టా తలకట్టుననున్న తేదీని అప్పుడప్పుడు చూచి, తన ప్రతికంటె అది క్రొత్తదైనచో మరల చదువవలెను. మరల చదువునప్పుడు పెట్టెను ఖాళీచేసి నింపుట కొందరి పద్ధతి. నింపుట పూర్తికాకమునుపే ఎవరైన కిటికీవద్దకు వచ్చినచో వారికి సగము చిట్టా కనబడును. క్రొత్త పెట్టెను ప్రక్కన పూర్తిగా సిద్ధపరచి, ఒక్కక్షణమున పాతదాని స్థానమున పెట్టుట మంచిది. పంచాంగము మార్చునట్లే, క్రొత్తది చేతికి వచ్చువరకు పాతదానిని మేకునుండి తీయము. మార్చుటకు ముందు, పాతపెట్టెలోనున్న ప్రతి గుర్తును క్రొత్తదానిలో ఉన్నదా యని సరిచూచుట ఇంకను మంచిది. చిట్టాలో తీసివేత లేదు కనుక, ఏదేని లోపించినచో తప్పు చదువుటలోనే జరిగినదని నిశ్చయింపవచ్చును. శాశ్వతత్వపు నియమము ఇట్లు పరీక్షకును పనికివచ్చుచున్నది.

తుదకు, చిట్టాలో క్రొత్త చీటీ చేర్చవలెనన్నచో ఎట్లు? క్రొత్త భాషకైనచో అంతర్జాతీయ ప్రమాణమును నిర్వహించువారికి ముందు విన్నవించుకొనవలెను. ఉన్న భాషలోని ఒక ప్రత్యేక రూపమునకైనచో నేరుగా ఈ చిట్టాకే అర్జీ పెట్టవచ్చును. సంస్కృతమునకు అట్లు 2010లో వైదిక, లౌకిక, ఇతిహాస, బౌద్ధ యను నాలుగు రూపముల చీటీలు చేరినవి. అర్జీలో కోరువారి పేరు, చిరునామా, కావలసిన చీటీ యథాతథముగా, దాని భావము, ఆ రూపమును వర్ణించు ముద్రితగ్రంథము, ఇతర వివరములు వ్రాయవలెను. అర్జీ రెండువారములు బహిరంగముగా చర్చింపబడును. పిమ్మట నియమితుడైన పరీక్షకుడు నిర్ణయము చెప్పును. నచ్చనివారు పైవారికి చెప్పుకొనవచ్చును.

మన గ్రాంథికమునకు ఒక చీటీ కావలెనని ఎవరైన ఉత్సాహవంతులు తలంచిరనుకొందము. ప్రయోజనము లేకపోలేదు. పాత గ్రంథములను చదివించు యంత్రమునకు "చేయుచున్నాడు", "వచ్చెను" అనునవి తప్పులు కావని ముందుగా తెలియుట మేలు. ముద్రితగ్రంథము వరుసలో 1858 నాటి బాలవ్యాకరణమును నిస్సంకోచముగా వ్రాయవచ్చును. చిక్కు వేరొకచోట వచ్చును. ఇట్టి రూపముల గుర్తు ఎనిమిది ఇంగ్లీషు అక్షరములకు మించరాదు. వైదిక, లౌకిక మొదలైన నాలుగును ఏడేసి అక్షరములలో ఇమిడినవి. గ్రాంథిక యని తుది స్వరముతో సహా వ్రాసినచో తొమ్మిది అగును. తుది స్వరమును వదలినచో సరిగా ఎనిమిది. వ్యావహారికమునకు పదునొకండు కావలెను. దానికి ఇంకను పెద్దకోత తప్పదు. ఒకసారి చిట్టాకెక్కిన గుర్తు తిరిగి మారదు గనుక, ఏ అక్షరమును వదలవలెనో అర్జీ పంపుటకు ముందే తేల్చుకొనవలసియుండును.